ఎండకు పోయిన పసుపు

2019 చివరి రోజులు. ధనుర్మాసం అప్పుడే మొదలైంది. భావనపాడు వెళ్లే దారిలో, సముద్రానికి కాస్త ఇవతల, జీడిమామిడి తోటలూ సరుగుడు తోపులూ ఆనుకుని ఉన్న ఒక చిన్న ఊళ్లో నేను అప్పుడు పనిచేస్తున్నాను. నా పని కోతులను చూడడం. ఈ మాట చెప్తే ఇప్పటికీ మా చుట్టాలు నవ్వుతారు. ఊరివాళ్లు నన్ను కోతుల సత్యవతి అనే పిలిచేవారు. నాకు ఆ పేరు ఇష్టమే. కోతి రూపంలో ఉండే స్వామికి దగ్గరగా ఉందని లోలోపల సంతోషపడేదాన్ని.

నేను బడికి వెళ్లి చదువుకోలేదు. మా పుట్టిల్లు పొందూరు. అమ్మ రాట్నం ముందు కూర్చుని సన్ననూలు వడికేది. నేను పక్కన కూర్చుని పురాణాల పుస్తకాలు కూడబలుక్కుంటూ చదివి వినిపించేదాన్ని. అక్షరాలు అలా వచ్చాయి, ఓపిక కూడా అక్కడే వచ్చిందనుకుంటాను. పెళ్లయి ఈ వైపు వచ్చాక జీడితోట కాపలా కాసేదాన్ని. అక్కడ కోతులను తరమాల్సింది పోయి చూస్తూ కూర్చునేదాన్ని. అలా కూర్చున్న నన్ను చూసి పనిలోకి పిలిచింది మేడమ్.

మేడమ్‌ది విజయనగరం. ఆఫ్రికాలో కొన్నేళ్లు బబూన్ల వెంట తిరిగి, మన ఎర్రమూతి కోతులను చదవడానికి ఇక్కడికి వచ్చారు. బబూన్ అంటే కుక్కకు ఉన్నట్టు పొడుగు మూతి, భయం పుట్టించే కోరలు ఉన్న పెద్ద కోతి. చెట్ల మీద కన్నా నేల మీదే ఎక్కువ తిరుగుతుందట. నాకు పని నేర్పేటప్పుడు మేడమ్ ఆ బబూన్ల కబుర్లే చెప్పేవారు. ఆడపిల్లలు పుట్టిన గుంపులోనే ఉండిపోతాయి, మగవి ఈడొచ్చాక వేరే గుంపుకి వెళ్లిపోతాయి, తల్లికి గుంపులో ఏ మర్యాద ఉంటే కూతురికీ అదే వస్తుంది, ఇలా. మన కోతులలోనూ చాలావరకు ఇదే పద్ధతి. ఆ గుంపును ట్రూప్ అంటారు. మనం పేలు చూసుకుంటున్నాయి అనేదాన్ని గ్రూమింగ్ అంటారు. అది పేల కోసం మాత్రమే కాదు, చుట్టరికం నిలుపుకోవడానికి. కొట్లాడుకున్నవి మళ్లీ కలవడం కూడా దానితోనే. గ్రూమింగ్ చేసేవాళ్లు ఎక్కువున్న బబూన్ తల్లి పిల్లలు బాగా బతుకుతాయని మేడమ్ చెప్పినప్పుడు, మనుషులతో కూడా అంతే కదండీ అన్నాను. ఆమె నవ్వి, మనుషులను చదవడం ఇంకా కష్టమన్నారు.

నేను చేసే పనిని ఫోకల్ శాంప్లింగ్ అంటారు. ఒక్క కోతినే ఎంచుకుని, కాసేపు దాని మీద నుంచి కన్ను తిప్పకుండా, అది ఏం తిన్నదీ, ఎవరి పక్కన చేరిందీ, ఎవరిని చూసి తప్పుకున్నదీ రాసుకోవడం. అలా చేయాలంటే ప్రతి కోతినీ మొహం చూసి గుర్తుపట్టాలి. అందుకని పేర్లు పెట్టుకున్నాం. గుంపులో మర్యాద ఉన్న ఒక తల్లి గౌరి. దాని పెద్దకూతురు చుక్క. కనుబొమ్మ మీద తెల్లమచ్చ ఉండేది, ఇంకా తల్లి కాలేదు. గౌరికి ఆ ఏడు ఒక మగపిల్ల పుట్టింది. ఎప్పుడూ గౌరికి కాస్త దూరంలో కూర్చునే పెద్ద మగకోతి ఒకటి ఉండేది. మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని అందరినీ చిన్నచూపు చూస్తుందని ఊరివాళ్లే దానికి కరణం అని పేరు పెట్టారు. టిఫిన్ డబ్బా చేతిలో ఉంటే దాని ముందు నుంచి నడిచే ధైర్యం ఎవరికీ లేదు.

ధనుర్మాసం మొదట్లో ఒక ఉదయం, రామకోవెల వెనక కరెంటు తీగ తగిలి గౌరి చచ్చిపోయింది.

నేనూ మేడమ్ ఆ రోజు తోటకు రెండో వైపున ఉన్నాం. మేము వచ్చేసరికి అంతా అయిపోయింది. మా వైపు కోతి చనిపోతే మనిషి పోయినట్టే చేస్తారు. కరెంటు ఆపించి, దించి, నీళ్లు పోసి, పసుపు రాసి, కొత్తగుడ్డ కప్పి, దండ వేసి, నామం చెప్పుకుంటూ ఊరేగించి సరుగుడు తోపు పక్కన పాతిపెట్టారు. నేనూ ఆ మట్టి దగ్గర దండం పెట్టుకున్నాను. అలాంటి ఊళ్లో ఉన్నందుకు నాకు గర్వంగానే ఉంది.

తల్లి పొట్టను పట్టుకుని వదలని పిల్లను మాత్రం నూకాలత్త ఒడుపుగా విడదీసి ఇంటికి తీసుకుపోయింది. నూకాలత్త చేపలు అమ్మి ఇల్లు నడిపిన మనిషి. నాకు వరసకు ఏమీ కాదు, అయినా అందరిలాగే నేనూ అత్తా అనే పిలిచేదాన్ని. మైల అంటకూడదని తల్లితో పాటు ఆ పిల్లకు కూడా నీళ్లు పోసి, తల నుంచి తోక దాకా ముద్దగా పసుపు రాసింది. నుదుట కుంకుమ పెట్టింది. మెడకు ఎర్రగుడ్డ కట్టి సాంబ్రాణి పొగ వేసింది. మేము వెళ్లేసరికి పసుపు ముద్దలా ఉన్న ఆ పిల్ల ఆమె ఒళ్లో ముడుచుకుని వణుకుతోంది. పాలు రెండు గుక్కలు తాగిందట. గొంతు మాత్రం పెగల్లేదు.

పిల్లకు ఏడెనిమిది నెలలు ఉంటాయి. ఆకులూ కాయలూ కొరకడం అప్పుడప్పుడే నేర్చుకుంటోంది కాబట్టి, తల్లిపాలు లేకపోయినా గుంపులో ఎవరైనా వెచ్చగా పట్టుకుని కాపాడితే బతుకుతుంది. మేడమ్ అటవీశాఖ వాళ్లకు ఫోన్ చేసి చెప్పారు. గుంపు కలుపుకుంటే మంచిదే, కలుపుకోకపోతే మేము తీసుకెళ్తామన్నారు వాళ్లు. తీసుకెళ్తే అది దూరపు ఊళ్లో బోనులోనే ఉండిపోవాలి. ఎక్కువ రోజులు ఆలస్యమైతే గుంపూ మర్చిపోతుంది, ఈ పిల్లకూ మనుషులే అలవాటైపోతారు.

కోవెల దగ్గర పంచాయితీ అయింది. భజన నడిపే అప్పలస్వామి మావ ఆలోచన వేరు. ధనుర్మాసంలో కోవెల వెనకే ఇలా జరిగిందంటే స్వామే ఈ పిల్లను ఊరికి ఇచ్చాడని ఆయన నమ్మకం. కోవెల మండపంలో చిన్న గొలుసు వేసి ఉంచుదాం, రోజూ పళ్లు పెడదాం అన్నాడు. అక్కడున్న వాళ్లందరూ తలూపారు.

మేడమ్ నెమ్మదిగా చెప్పారు. "కోతికి ఒంటరిగా బతకడం రాదండీ. దానికి తిండి కంటే ముందు గుంపు కావాలి."

నూకాలత్త పిల్లను ఇంకా దగ్గరికి పొదువుకుంది. "మరి నాను గుంపు కానేటి?"

ఆ ఇంట్లో ఆమె ఒక్కతే ఉంటుందని మా అందరికీ తెలుసు.

నాకు వాదించడం చేతకాదు. స్వామికి దండం పెట్టుకుని, మర్నాడు పొద్దున్న పిల్లను ఎత్తుకుని నాతో తోటలోకి రమ్మని మాత్రం నూకాలత్తను అడిగాను. రాను రాను అంటూనే వచ్చింది. దారిపొడుగునా తిట్టింది. "ఏటే సత్యా, తల్లి లేని గుంటడిని సెట్ల పాలు సెయ్యడానికి నీకు మనసెలా ఒప్పినాదే? నీకు కోతులే గాని మనుసులు అక్కర్నేదేటి?"

జీడిచెట్ల కింద మేడమ్ అప్పటికే ఉన్నారు, వెళ్లి పక్కన కూర్చున్నాం. గుంపు పైన మేస్తోంది. చుక్క మాత్రం మేయడం లేదు. తోట అంచున చిటారు కొమ్మెక్కి, కోవెల వైపు తిరిగి, పెదాలు గుండ్రంగా చుట్టి 'కూ' అని సాగదీసి పిలిచింది. దీన్ని కాంటాక్ట్ కాల్ అంటారు. గుంపులో కనిపించకుండా పోయినవాళ్ల కోసం వేసే పిలుపు. అది ఆగి, విని, మళ్లీ పిలిచింది. అప్పుడు నూకాలత్త ఒళ్లోంచి, పసుపు ముద్దలోంచి, సన్నగా ఒక 'కూ' వినిపించింది.

నూకాలత్త వంగి పిల్ల మొహంలోకి చూసింది. తరవాత అంది. "నా కాడ పాలు తాగినాడు గాని నోరిప్పనేదు. దానికి పలికినాడు సూడు."

అక్కడితో పని అయిపోయిందనుకున్నాం. కాలేదు.

ఎర్రగుడ్డ విప్పి, పిల్లను తోటలో రాతిగోడ మీద వదిలి దూరం జరిగాం. చుక్క గబగబా దిగి వచ్చింది. చేయి చాపే దూరంలో ఆగిపోయింది. ముక్కు చాపి వాసన చూసి, పళ్లు బయటపెట్టి వెనక్కి దూకింది. పైనుంచి ఒక కోతి దగ్గినట్టు గట్టిగా అరిచింది. అది అలార్మ్ కాల్, అపాయం ఉందని గుంపుకి చెప్పే అరుపు. క్షణంలో చెట్లన్నీ ఖాళీ అయ్యాయి. పిల్ల ఏడుస్తూ గోడ దిగి, మాకున్న మూడు జతల కాళ్లలో నూకాలత్త కాళ్లనే వెతుక్కుని వచ్చి పట్టుకుంది.

గుంపులో ఏ పిల్లా అంత పచ్చగా ఉండదు. సాంబ్రాణి వాసన కొట్టదు. రంగుకి బెదిరాయో వాసనకి బెదిరాయో చెప్పలేను అన్నారు మేడమ్. రెండూ పోయేదాకా మళ్లీ ప్రయత్నించకూడదు, సబ్బు వాడితే ఇంకో కొత్త వాసన, ఊరికే నీళ్లు పోస్తే చలికి పిల్ల తట్టుకోదు. ఈలోపు గుంపు తోట దాటి వెళ్లిపోతే మనం చేసేదేమీ లేదు.

నూకాలత్త తన అరచేతులు చూసుకుంది. గోళ్ల సందుల్లో పసుపు ఇంకా ఉంది. "మంచిదనే రాసినాను" అంది. అంతకు ముందు గానీ ఆ తరవాత గానీ ఆమె కళ్లలో నీళ్లు నేను చూడలేదు.

కాసేపటికి తనే లేచింది. "ఎండలో ఎడితే పోద్ది. చీరకైన పసుపు పోద్దా పోదా? ఎండే తినేస్తాది."

నిజమే. పసుపు మరక ఎండకు వెలిసిపోతుందని ఇంట్లో బట్టలు ఉతికే అందరికీ తెలుసు. మేడమ్ వెంటనే సరేనన్నారు. కోవెల డాబా మీద అయితే రోజంతా ఎండ ఉంటుంది, తోట కొమ్మలు పిట్టగోడ దాకా వంగి ఉంటాయి, గుంపుకు పిల్ల కనిపిస్తూ ఉంటుంది. కానీ అది కోవెల. అప్పలస్వామి మావ ఒప్పుకోవాలి.

ఆయన దగ్గరికి నూకాలత్తే వెళ్లింది. ఆమె అడిగింది ఒక్క మాటే. "స్వామికి గొలుసేస్తావేటి, అప్పలసామీ?"

ఆయన ఉత్తరీయం సర్దుకున్నాడు. ఆ తరవాత కోపంగానే లేచి వెళ్లాడు. తిరిగి వచ్చేటప్పుడు ఆయన భుజం మీద పాత వల ఉంది. సరుగుడు కర్రలు నాలుగు పాతి, వాటి మీద ఆ వల కప్పి, డాబా మీద చిన్న పందిరిలాంటి గూడు కట్టింది ఆయనే. కళ్లు సన్నగా ఉన్న వల ఏరి తెచ్చాడు. కోతి వేళ్లు దూరతాయి, పిల్ల దూరదు.

పొద్దున్న ఎండ పడగానే పిల్లను వల కింద ఉంచేవాళ్లం. కొబ్బరిముక్క, జామకాయ, లేత ఆకులు పెట్టేవాళ్లం. సాయంత్రం నూకాలత్త గోనెపట్టా పరిచిన బుట్టలో పెట్టి తన ఇంటి వసారాలో ఉంచేది. ఒళ్లో పెట్టుకోవద్దని మేడమ్ చెప్పారు, అలవాటు పడితే వదలదని. ఆ మాట ఆమె పాటించింది. ఆమెకు అది ఎంత కష్టమో పక్కన ఉండి చూశాను.

వెంట్రుకల్లో కుంకుమ అట్టకట్టి ఉండిపోయింది. నా పెట్టెలో అమ్మ ఇచ్చిన వాలుగ చేప దవడ ఒకటి ఉంది. పొందూరులో పత్తి ఏకేది దానితోనే. సన్నటి పళ్లు వరసగా ఉంటాయి, గింజ మీది దూదిని కూడా నొప్పించకుండా దువ్వుతాయి. దానితో మెల్లగా ఆ పిల్ల నుదురు దువ్వాను. మొదట బిగుసుకుంది. రెండోసారి దువ్వేసరికి తల వాల్చి, చంక చూపించింది. గ్రూమింగ్ చేసేవాళ్లకు కోతులు అలాగే ఒళ్లు అప్పగిస్తాయి. అమ్మ పోయి అప్పటికి చాన్నాళ్లయింది. ఆమె చేతిలోని వస్తువు ఇంకో తల్లిలేని పిల్లకు అక్కరకు వచ్చినందుకు అక్కడే కూర్చుని కృతజ్ఞతలు చెప్పుకున్నాను.

ఒక అడ్డు మిగిలింది. ధనుర్మాసం కాబట్టి తెల్లవారకముందే కోవెల మైకులో భజన మొదలయ్యేది. ఆ మోతకు గుంపు తోట అవతలికి వెళ్లిపోయేది, మళ్లీ ఎండెక్కాక గానీ ఇటు వచ్చేది కాదు. ఈ మాట నేను అప్పలస్వామి మావకు భయపడుతూనే చెప్పాను. ఏడాదంతా ఆయన ఎదురుచూసేది ఈ నెల కోసమే. మర్నాడు మైకు లేదు. భజన జరిగింది, తాళాలు కూడా మెత్తగా వేశారు. ఇదేం ధనుర్మాసమని, ఇంట్లో పడుకున్న వాళ్లకి నామం వినపడటం లేదని కొందరు సణిగారు.

"మైకు నేకపోతే స్వామికి ఇనపడదేటి?" అన్నాడాయన. "ఇంట్లో పొడుకున్నోలికి ఇనపడాలంటే ఇంట్లోంచి రావాల."

మైకు ఆపాక చుక్క పొద్దున్నే వచ్చేది. మొదట పిట్టగోడ మీద. తరవాత వలకు బారెడు దూరంలో. పసుపు రోజురోజుకీ పలచబడుతోంది. మొదట వీపు మీద పోయింది, చంకల్లో ఆఖరున పోయింది. ఒక ఉదయం చుక్క వల దగ్గరే చతికిలబడి, వేలు లోపలికి దూర్చి, పిల్ల భుజం మీది వెంట్రుకలు పాయలు తీయడం మొదలుపెట్టింది. నూకాలత్త మెట్ల మీద నా పక్కనే ఉంది. నా చేయి పట్టుకుని నొక్కింది.

ఆ వెనకే కరణం వచ్చింది. మగకోతి పరాయిపిల్లను కరవడం కూడా జరుగుతుందని మాకు తెలుసు. మేడమ్ కదలొద్దని సైగ చేశారు. కరణం వల చుట్టూ ఒకసారి తిరిగి, వీపు పిల్ల వైపు, మొహం మా వైపు పెట్టి, మోకాళ్ల మీద చేతులు ఉంచుకుని కూర్చుంది. కాపలా కూర్చున్నట్టు. అప్పుడు మేడమ్ మెల్లగా చెప్పారు, ఆఫ్రికా బబూన్లలో కూడా ఇలాగే ఒక మగది ఒక తల్లికి స్నేహితుడుగా ఉంటుందని, ఆ తల్లి పోతే పిల్లను కనిపెట్టుకుని ఉన్నవాటిని తాను చూశానని. కరణం గౌరికి కాస్త దూరంలో ఎప్పుడూ ఎందుకు కూర్చునేదో నాకు అప్పుడు అర్థమైంది.

మరునాడు ఎండలో పిల్ల మిగతా పిల్లల రంగులోకి వచ్చేసిందని నిర్ణయించుకున్నాం. వల ఎత్తమని మేడమ్ నూకాలత్తకే చెప్పారు. ఆమె చెంగు నడుముకు దోపుకుని, వల అంచు పట్టుకుని, ఒక్కసారి కోవెల గోపురం వైపు చూసి ఎత్తింది. వెంటనే వెనక్కి జరిగి నా పక్కకు వచ్చేసింది.

పిట్టగోడ మీద చుక్క, దాని వెనక కరణం చూస్తుండగా పిల్ల బయటికి వచ్చింది. చుక్క వైపు వెళ్తుందనుకున్నాం. మా వైపు చూసింది. నూకాలత్త మొహం పక్కకు తిప్పేసుకుంది. పిల్ల మళ్లీ తిరిగి, తిన్నగా కరణం దగ్గరికి పరుగెత్తి దాని పొట్ట కింద దూరిపోయింది. ఊరంతా జడిసే ఆ కోతి రెండు చేతులూ మోకాళ్ల మీద నుంచి తీసి, పిల్లను కప్పుకుంది. చుక్క వచ్చి ఇద్దరి వీపులూ మార్చి మార్చి దువ్వింది. కాసేపటికి కరణం లేచి నడిచింది. పిల్ల దాని పొట్టను కరుచుకుని వేలాడుతోంది. కొమ్మ వంగింది, ఆకులు కదిలాయి, అంతే.

నూకాలత్త ఇంకా మొహం తిప్పుకునే ఉంది. "ఎలిపోనాడేటి?" అని అడిగింది. వెళ్లిపోయాడు అత్తా అన్నాను. "అయితే పద. సేపలు ఎండలో ఉన్నాయి."

మేడమ్ పని పూర్తయి వెళ్లిపోయాక కూడా నేను ఆ తోటకు వెళ్తూనే ఉన్నాను. ఆ పిల్ల ఎదిగింది. ఈడొచ్చాక, మగకోతులు వెళ్లినట్టే, భావనపాడు వైపు తోపులో తిరిగే ఇంకో గుంపులోకి వెళ్లిపోయింది. నూకాలత్తకు ఎలా చెప్పాలా అని సందేహిస్తూనే చెప్పాను. ఆమె చేపల గంప దింపుకుని, కాసేపు ఆ వైపు చూసింది. "మంచిదే. గొలుసుంటే ఎలగెల్తాడు?" అంది.

నా పనిలో ఎన్నో చూశాను. ఈ కేసు నాకు నేర్పింది ఇది. ప్రేమతో మనం ఏం రాసినా, అవతలి ప్రాణం తనవాళ్లు గుర్తుపట్టే రంగులో ఉండాలి. ఆ రంగు మళ్లీ బయటపడేదాకా ఎండలో పక్కనే కూర్చునే ఓపిక ఉండాలి. అది నాకు చూపించిన వాళ్లు చుక్క, కరణం, నూకాలత్త, అప్పలస్వామి మావ. నన్ను చెట్టు కింద నుంచి పిలిచిన మేడమ్. వాళ్లందరినీ నా దారిలో పెట్టిన స్వామికి రోజూ దండం పెట్టుకుంటాను.

ఇప్పటికీ ఆ ఊళ్లో ధనుర్మాసం మొదటి రోజు భజనకు మైకు పెట్టరు. ఎవరూ తీర్మానం చేయలేదు, అలా అయిపోయింది. పోయిన ఏడాది నేను వెళ్లి కూర్చున్నాను. నామం మధ్యలో జీడితోట లోంచి ఒక 'కూ' వినిపించింది. అప్పలస్వామి మావ తాళం పైకెత్తిన చేయి అలాగే ఉంచి, దానికి ఇంకో కొమ్మ నుంచి జవాబు వచ్చేదాకా ఆగాడు. వచ్చాక నామం అందుకున్నాడు.